అప్‌డేట్: క్యాజువాలిటీ డ్యూటీ మానలేదు

మూడు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను: వార్డు నుంచి క్యాజువాలిటీకి (ఎమర్జెన్సీ విభాగానికి) మార్చారు, ఒకేసారి నాలుగు కేసులొస్తే చేతులు ఆడటం లేదు, నర్సు ఉద్యోగం మానేయాలా అని. మానలేదు.

అన్నిటికంటే పనికొచ్చింది ఒక సీనియర్ సిస్టర్ ఇచ్చిన సలహా. డ్యూటీకి పావుగంట ముందే వెళ్లి క్రాష్ కార్ట్ (ప్రాణాపాయంలో వాడే మందులు, పరికరాలు ఉండే బండి) నా చేత్తో చూసుకోమన్నారు. అడ్రినలిన్ ఇంజెక్షన్లు, ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్, గొంతులో చేరిన ద్రవాలు లాగేసే సక్షన్, గొంతులో ట్యూబు వేయడానికి వాడే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా లేదా, అన్నీ. గుండె ఆగిన పేషెంటు పెద్దవాళ్లైతే 3 నుంచి 5 నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇవ్వాలి. ఆ టైమ్‌లో డ్రాయర్లు వెతుక్కుంటే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? డాక్టర్ నోటితో చెప్పిన ఆర్డర్‌ను నేను తిరిగి పైకి చెప్పి, ఆయన సరేనన్నాకే ఇస్తున్నాను. మొదట్లో సిగ్గేసేది. పోయిన వారం అలా చెప్పబట్టే ఒక డోసు తేడా ముందే బయటపడింది. ఇంటికెళ్లి అమ్మకు చెబుతుంటే కళ్లు నిండాయి.

గట్టిగా అరిచేవాళ్ల కంటే ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్నవాళ్లను ముందు చూడాలని కూడా ఇప్పుడే ఒంటబట్టింది.

వరుస నైట్‌లు మాత్రం ఇంకా కష్టమే. నాలుగుకు మించి వేయొద్దని ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను అడిగాను. వచ్చే నెల రోస్టర్‌లో చూస్తానన్నారు.