హాస్కెల్‌లో |> లాంటిది ఉందా?

ప్రశ్న:
లాగ్ ఫైళ్లు చదివే ఓ చిన్న హాస్కెల్ ప్రోగ్రామ్ ఈ మధ్య నా నెత్తిన పడింది. అందులో ఒక లైను ఇలా ఉంది:

టేక్ 10 $ సార్ట్ $ ఫిల్టర్ ఎర్రరేనా $ లైన్స్ ఫైలు

$ తన కుడివైపు ఫలితాన్ని ఎడమ ఫంక్షన్‌కి ఇస్తుంది కాబట్టి ముందు జరిగే పని చివర్లో ఉంది. ఎఫ్ షార్ప్ భాషలో ఎడమ విలువని కుడి ఫంక్షన్‌కి అందించే |> కి అలవాటు పడ్డ ప్రాణం నాది. |> ని నేనే రాసేసుకోనా?

జవాబు 1:
అక్కర్లేదండీ. డేటా.ఫంక్షన్ మాడ్యూల్‌లో అదే పని చేసే & ఉంది, 2015లో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 7.10తో వచ్చింది.

ఫైలు
& లైన్స్
& ఫిల్టర్ ఎర్రరేనా
& సార్ట్
& టేక్ 10

డీబగ్ చేసేటప్పుడు సార్ట్ లైనొక్కటే కామెంట్‌లో పెట్టి చూడొచ్చు. నాకైతే అసలు లాభం అదే. విలువ మేబీలోనో (ఉండొచ్చు, లేకపోవచ్చు) ఐఓలోనో (ఫైలు చదవడం లాంటి బయటి పని ఫలితం) ఉంటే డేటా.ఫంక్టర్‌లోని <&> వాడండి.

జవాబు 2:
& మంచిదే కానీ దాని పక్కన రెండు ఫంక్షన్లని ఒకటి చేసే చుక్కని కలపకండి. "ఫైలు & సార్ట్ . లైన్స్" అని రాస్తే ముందు లైన్స్, ఆ తర్వాతే సార్ట్ జరుగుతాయి, ఎందుకంటే చుక్క పట్టు & కన్నా గట్టిది. ఎడమ నుంచి చదువుతూ వచ్చినవాడు మధ్యలో వెనక్కి తిరగాలి. ఇంత గోల ఎందుకు?

|> జోలికి అసలు పోవద్దు. డేటా.సీక్వెన్స్‌లో అదే గుర్తు వరుస చివర ఒక విలువ చేర్చడానికి ఉంది. రెండూ ఒకే ఫైల్లోకి ఇంపోర్ట్ చేసి ఆ గుర్తుని ఊరికే వాడితే, ఏది కావాలో తేలక కంపైలర్ ఒప్పుకోదు.

ప్రశ్న అడిగినవారు:
మా కోడ్‌లో సీక్వెన్స్ బోలెడు చోట్ల ఉంది! అయితే & కే ఓటు. రెండే మెట్లున్న చోట $ అలాగే ఉంచేస్తా.