వేడి దేశాల లాగర్ రుచి సీసాలోదా, సముద్రపు ఒడ్డుదా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి థాయిలాండ్, బాలి, శ్రీలంక వంటి చోట్లకు సెలవులకు వెళ్లేవారు ఈ మధ్య బాగా పెరిగారు. తిరిగి వచ్చినవారు అక్కడి గుడుల గురించి, తీరాల గురించి ఎంత ఇష్టంగా చెబుతారో, అక్కడ తాగిన బీరు గురించి కూడా అంత ఇష్టంగానే చెబుతారు. బ్యాంకాక్‌లో సింఘా, బాలిలో బిన్‌టాంగ్, కొలంబోలో లయన్ ఎంతో బాగుంటాయని, అలాంటి బీరు ఇక్కడ దొరకదని అంటారు. ఇటీవల ఒక పెళ్లికి చేరిన బంధువుల మధ్య ఈ మాట వచ్చినప్పుడు మా పెదనాన్నగారి అబ్బాయి దాన్ని కొట్టిపారేశారు. లాగర్ (చల్లదనంలో పులియబెట్టి తయారుచేసే బీరు రకం) ఎక్కడైనా ఒకటేనని, మారేది సీసా మీది బొమ్మ మాత్రమేనని, మనకు నచ్చింది సముద్రమే గాని బీరు కాదని ఆయన అన్నారు. ఆ అభిప్రాయం ఉన్నవారు ఇక్కడ కూడా చాలామంది ఉంటారు కనుక ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నేను ఆయనతో ఏకీభవించడం లేదు. వేడి ప్రాంతాల లాగర్ ఆ వేడి కోసమే తయారైనది. అది పల్చగా ఉంటుంది, చేదు తక్కువగా ఉంటుంది, గొంతు దిగగానే నోరు ఖాళీ అవుతుంది. శ్రీలంకలోని నెగొంబోలో చేపల రేవుకు దగ్గరలో ఒక చిన్న హోటల్లో లయన్ సీసాను మంచు నీళ్లలోంచి తీసి ఇచ్చారు. తడికి నానిన కాగితం బొటనవేలు తగలగానే జారిపోయింది. మొదటి గుక్కలో కొద్దిగా బార్లీ తీపి, దాని వెనుకే నాలుక చివర చిన్న చేదు తెలిశాయి, అంతలోనే రెండూ పోయాయి. మిరియాల కారంతో వేయించిన చేపకు ఆ ఖాళీయే కావాలి. ఇదే మాట నేను యూరప్ నుంచి వచ్చిన నల్లని చిక్కటి బీరు గురించి అనలేను. ఆ ఎండలో అది సగం గ్లాసు కూడా దిగదు. ఆ ఊరి లాగర్‌ను ఆ ఊళ్లోనే తాగడంలో నిజమైన రుచి ఉందని, అది సెలవు ఉత్సాహంలో పుట్టిన భ్రమ కాదని నా అభిప్రాయం. మీరు ఏమంటారు?

కోట వీధి (విజయనగరం)

నాగావళి గారూ, రుచి గురించి మీరు చెప్పినదానికంటే "ఆ ఊరి లాగర్" అన్న మాట మీదే నా అభ్యంతరం. టైగర్ బీరు 1932లో సింగపూర్‌లో మొదలైనప్పుడే దానిలో నెదర్లాండ్స్ బీరు సంస్థ హైనెకెన్ భాగస్వామి. 2012లో ఆ వ్యాపారం దాదాపుగా హైనెకెన్ చేతికే వెళ్లిపోయింది. బిన్‌టాంగ్‌లో అధిక వాటా కూడా ఆ సంస్థదే. లావోస్ ప్రజలు ఎంతో గర్వంగా చెప్పుకునే బీర్‌లావోలో డెన్మార్క్ సంస్థ కార్ల్స్‌బర్గ్‌కు వాటా ఉంది. మన కింగ్‌ఫిషర్‌ను తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ కూడా 2021 నుంచి హైనెకెన్ ఆధీనంలోనే ఉంది. అంటే ఇక్కడి నుంచి బాలి వరకు వెళ్లి, అక్కడి దుకాణంలో కూడా అదే యజమానికి డబ్బు చెల్లించి వస్తున్నాం. అందులో స్థానికం ఏముంది?

రెడ్ స్ట్రైప్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. అది జమైకా బీరుగా లోకమంతటా పేరుపొందింది. కాని 2012 నుంచి కొన్నేళ్లపాటు అమెరికాలో అమ్మే రెడ్ స్ట్రైప్‌ను అమెరికాలోనే తయారుచేశారు. జమైకా బీరని నమ్మి కొన్నామని వినియోగదారులు కోర్టుకు కూడా వెళ్లారు. యాజమాన్యం మారిన తరువాత, 2016లో ఆ తయారీ తిరిగి జమైకాకు చేరింది. తేడా నాలుకకు తెలిసేదే అయితే ఆ తయారీ నాలుగేళ్లు సాగేది కాదు.

ఊరి రుచి కావాలనుకునేవారు ఊరి చెట్టు దగ్గరకు వెళ్లాలి. సీతంపేట మన్యంలో తెల్లవారుజామున దించిన జీలుగు కల్లు తీపిగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. దానిని లారీలో ఎక్కించి వేరే దేశానికి పంపడం ఎవరి వల్లా కాదు. శ్రీలంకలో కొబ్బరి కల్లు, దాని నుంచి దించిన సారాయి ఉన్నాయి. ఫిలిప్పీన్స్ వారు కొబ్బరి కల్లు నుంచే లంబనోగ్ అనే సారాయి తీస్తారు. వాటిని ముట్టకుండా, జర్మన్లు, చెక్‌లు నేర్పిన పద్ధతిలో తయారైన లేత పసుపు బీరు తాగి ఆ దేశపు రుచి చూశామని చెప్పుకోవడం నాకు నచ్చదు.

బార్లీ గింజ (రణస్థలం)

కోట వీధి మాష్టారికి నమస్కారం. యాజమాన్యం గురించి మీరు చెప్పినవన్నీ సరైనవే. అయితే బీరు రుచిని నిర్ణయించేది యజమాని ఎవరన్నది కాదు. నేను చాలా ఏళ్లు బీరు ఫ్యాక్టరీలో నాణ్యతా విభాగంలో పనిచేశాను కనుక, ఆ అనుభవంతో కొంచెం వివరంగా రాస్తున్నాను.

లాగర్ చలి దేశపు సరుకు. దానిని పులియబెట్టే ఈస్ట్ 8 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నెమ్మదిగా పనిచేస్తుంది. ఆ తరువాత బీరును సున్నా డిగ్రీలకు దగ్గరగా కొన్ని వారాలు నిల్వ ఉంచాలి. పూర్వం బవేరియాలో కొండ గుహల్లో, చలికాలంలో చెరువుల నుంచి కోసి తెచ్చిన మంచుగడ్డల మధ్య ఈ పని చేసేవారు. 1870లలో జర్మన్ ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండే శీతల యంత్రాన్ని మ్యూనిక్ బీరు తయారీదారుల కోసమే అభివృద్ధి చేశాడు. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ అనే శాస్త్రవేత్త లాగర్ ఈస్ట్‌ను శుద్ధమైన రూపంలో వేరుచేశాడు. ఈ రెండూ వచ్చాకే లాగర్ వేడి దేశాల్లో నిలదొక్కుకుంది. మనీలాలో శాన్ మిగెల్ 1890లో, బ్యాంకాక్‌లో సింఘాను తయారుచేసే బూన్ రాడ్ 1933లో మొదలయ్యాయి. శ్రీలంకలో బీరు తయారీ కొలంబోలో కాకుండా, సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉన్న నువర ఎలియలో మొదలైంది. కొండ చలి, కొండ నీరు అక్కడ ఉచితంగా దొరికాయి. తరువాతి కాలంలో యంత్రాలు ఆ చలిని ఎక్కడైనా ఇవ్వగలిగాయి కనుక ఫ్యాక్టరీ కొలంబో దగ్గరి బియగామకు దిగివచ్చింది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. బీరుకు శత్రువులు మూడు: వెలుతురు, వేడి, సీసాలో మిగిలిన ప్రాణవాయువు. హాప్స్ (బీరులో చేదు కోసం వేసే తీగ పూలు) నుంచి వచ్చే చేదు పదార్థానికి వెలుతురు సోకితే అది విరిగి, గంధకంతో కూడిన ఒక దుర్వాసన పుడుతుంది. అది లేశమాత్రంగా ఉన్నా ముక్కుకు తెలిసిపోతుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా ఆపలేదు. సింఘా గోధుమరంగు సీసాలో వస్తుంది, చాంగ్ ఆకుపచ్చ సీసాలో వస్తుంది. ఎండలో బల్ల మీద పెట్టిన చాంగ్ రుచి మీరు గ్లాసు ముగించే లోపే మారిపోవచ్చు. వేడి విషయంలో మా వృత్తిలో ఒక లెక్క వాడుకలో ఉంది. 32 డిగ్రీల దగ్గర 3 రోజుల్లో వచ్చే పాతదనం 22 డిగ్రీల దగ్గర 30 రోజులకు, 3 డిగ్రీల దగ్గర 300 రోజులకు వస్తుందని అంటాం. ఇది మోటు లెక్కే అయినా దారి చూపుతుంది. కంటెయినర్‌లో సముద్రం మీద వారాల తరబడి ఉడికి వచ్చిన లాగర్‌లో బార్లీ తీపి పోయి, తడిసిన అట్టపెట్టె వాసన మిగులుతుంది. నల్లని బీర్లలో, చేదు ఎక్కువ ఉన్నవాటిలో ఈ లోపం కొంత దాగుతుంది. పల్చని లాగర్‌లో దాగడానికి చోటు లేదు. అందుకే నాగావళి గారు నెగొంబోలో తాగిన లయన్, అదే పేరుతో దూర దేశపు దుకాణంలో నెలల తరబడి నిల్వ ఉన్న లయన్ ఒకటి కావు. ఈ తేడాను సముద్రపు గాలి సృష్టించలేదు, కాలం సృష్టించింది.

రెడ్ స్ట్రైప్ ఉదాహరణ కూడా నా మాటనే బలపరుస్తుంది. అమెరికాలో తయారైనది అమెరికావారికి తాజాగానే అందింది, కనుక తేడా తెలియకపోవడంలో వింత లేదు. మన బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడి నుంచి ఈ వారం బయటికి వచ్చిన సీసాను నీడలో ఉంచి చల్లబరచి తాగితే, ఎంతో ఖరీదు పెట్టి కొన్న దిగుమతి లాగర్ కంటే అది మెరుగ్గా ఉంటుంది.

ఓడ సరంగు (కళింగపట్నం)

ఆగ్నేయాసియా రేవుల్లో బీరులో మంచుముక్కలు వేసుకుని తాగడం మామూలు విషయం. థాయిలాండ్‌లో, వియత్నాంలో గ్లాసు నిండా మంచు వేసి ఇస్తారు. దానిని చూసి ముఖం చిట్లించే మనవారిని చాలామందిని చూశాను, అది తగదని నా మనవి. 35 డిగ్రీల ఎండలో పెద్ద సీసా సగానికి వచ్చేసరికి మిగిలింది వెచ్చబడిపోతుంది, అక్కడివారు దానికి కనుక్కున్న ఉపాయం అది. మంచు కరిగి బీరు పల్చబడిన మాట నిజమే, కాని దానివల్ల తలకెక్కడం కూడా కొంత నెమ్మదిస్తుంది. హనోయిలో బియా హోయ్ అని రోజువారీ బీరు ఉంది. పీపాలో తెచ్చి, గ్లాసుల్లో పోసి, వీధి చివర చిన్న ప్లాస్టిక్ బల్లల దగ్గర అమ్ముతారు. దానిని నిల్వ ఉంచడానికి చేయరు, త్వరగా తాగడానికే చేస్తారు. కోట వీధి మాష్టారు అడిగిన స్థానికత నాకు అందులో పూర్తిగా కనిపించింది.

ఉద్దానం వాసి (కవిటి)

రుచి చర్చకు అడ్డు రావడం నా ఉద్దేశం కాదు, కాని ఒక మాట చెప్పక తప్పదు. బీరు ఒంటికి చలువ చేస్తుందని, మూత్రపిండాల్లో రాళ్లను కడిగేస్తుందని మన ప్రాంతంలో చాలామంది నమ్ముతారు. కారణం పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధితో దశాబ్దాలుగా నలిగిపోతున్న మండలాలవాడిని కనుక ఈ నమ్మకాన్ని వింటూ ఊరుకోలేను. శరీరంలో నీటిని నిలిపి ఉంచే హార్మోన్‌ను మద్యం అణచివేస్తుంది. అందుకే మామూలు కంటే ఎక్కువ నీరు మూత్రంగా బయటికి పోతుంది. ఎండలో చెమట పట్టి ఉన్న మనిషికి ఇది నష్టమే గాని చలువ కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడగకుండా సెలవు పేరుతో ఒక్క సీసా కూడా ముట్టవద్దు. మిగిలినవారు ప్రతి గ్లాసుకూ ఒక గ్లాసు మంచినీళ్లు తాగాలి, తాగిన తరువాత సముద్రంలో దిగకూడదు. మద్యం ఇంతవరకు తాగితే ప్రమాదం లేదని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే స్పష్టం చేసింది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

ఉద్దానం మిత్రులు చెప్పినది నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. వారి మాట ఈ చర్చకు అడ్డు కాదు, ఈ చర్చలో ఉండవలసిన మాటే. దానిని ఆనుకునే ఇంకొక సంగతి చెప్పాలి, నా వాదనకు అది అసలు ఆధారమని నా నమ్మకం.

మన దుకాణాల్లో ఎక్కువగా అడిగేది స్ట్రాంగ్ బీరు. 8 శాతం మద్యం ఉన్న 650 మిల్లీలీటర్ల సీసాలో 52 మిల్లీలీటర్ల శుద్ధ మద్యం ఉంటుంది. 5 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల చిన్న సీసాలో అది పదహారున్నర మాత్రమే. మొదటిది తాగేవారు రుచి కోసం తాగడం లేదు, మత్తు కోసం తాగుతున్నారు. ఆ బీరులో జిగట తీపి, గొంతులో మంట తప్ప వేరే ఏదీ తెలియదు. అలాంటి అలవాటు ఉన్నవారు బ్యాంకాక్ వెళ్లి 5 శాతం సింఘా చల్లగా తాగినప్పుడు బీరంటే ఇలా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం సముద్రానిది కాదు. వారు నిజంగానే వేరే రకం పానీయం తాగారు. మన మైల్డ్ బీరును ఇక్కడే తాజాగా తాగి ఉంటే ఆ తేడాలో చాలా భాగం ముందే తెలిసేది. రణస్థలం మిత్రులు బంటుపల్లి గురించి చెప్పిన మాట ఈ కారణంగానే నాకు ఎంతో సంతోషం కలిగించింది. కళింగపట్నం, బారువ తీరాల ఎండ కూడా ఉష్ణమండలపు ఎండే, పక్కన పలాస జీడిపప్పు వేపుడు కూడా ఉంది.

కోట వీధి గారి ప్రశ్నకు నా జవాబు చెబుతాను. పద్ధతి జర్మనీ నుంచి వచ్చినా, యజమాని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నా, ఆ ఎండకు, ఆ తిండికి తగినట్టుగా దశాబ్దాలపాటు సవరించుకున్న పానీయం ఆ ఊరిదే అవుతుంది. బీర్‌లావోలో పడేది లావోస్ పొలాల్లో పండిన బియ్యమే. మిరపకాయ కూడా మనకు వేరే ఖండం నుంచే వచ్చింది, ఆవకాయ మనది కాదని ఎవరూ అనరు.

వెళ్లేవారికి కొన్ని సూచనలు. సీసా మీద తయారీ తేదీ చూసుకోండి, అద్దాల బీరువాలో దీపాల వెలుతురులో ఉన్న ఆకుపచ్చ సీసా కంటే పెట్టె అడుగున చీకట్లో ఉన్నది అడగండి. శ్రీలంకలో పౌర్ణమి రోజున మద్యం అమ్మరు కనుక ప్రయాణపు తేదీలు చూసుకోండి. మాల్దీవుల్లో విహారకేంద్రాలు ఉన్న దీవుల్లో తప్ప ప్రజలు నివసించే దీవుల్లో బీరు దొరకదు. ఆ నియమాన్ని గౌరవించడం మన బాధ్యత.

కోట వీధి (విజయనగరం)

తాజాదనం గురించి రణస్థలం మిత్రులు చెప్పిన వివరాలు నన్ను ఒప్పించాయి. రుచి భ్రమ అన్న మాటను నేను ఇకపై సమర్థించను. స్ట్రాంగ్ బీరు గురించి నాగావళి గారు వేసిన లెక్క కూడా ఎంతో అవసరమైనది. అయినా మిరపకాయ పోలికను ఒప్పుకోలేకపోతున్నాను. మిరప మన రైతు పొలంలో పండుతుంది. బీర్‌లావోలో బియ్యం అక్కడిదే కావచ్చు గాని, అక్కడ తయారయ్యే లాగర్లలో బార్లీ, హాప్స్ చాలావరకు చలి దేశాల నుంచి ఓడలో దిగుమతి అయినవే. కనుక శ్రీలంక వెళ్లే అవకాశం వస్తే నేను లయన్‌ను తాజా బీరుగా తాగుతాను, ఆ దేశపు పానీయంగా మాత్రం చెట్టు నుంచి అప్పుడే దించిన కొబ్బరి కల్లునే లెక్కిస్తాను.