పైపు కాల్చడం హాబీ ఎలా అవుతుంది? మా బావని చూశాక వచ్చిన డౌటు

కోటజంక్షన్_కుర్రాడు (విజయనగరం):

మా బావ మర్చంట్ నేవీలో ఇంజినీరు. ఆర్నెల్లు ఓడ మీద, తర్వాత మూడు నాలుగు నెలలు ఇంటి దగ్గర. మొన్న వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి ఒక తోలు సంచీ తీస్తే షేవింగ్ సెట్టు అనుకున్నాను. విప్పితే నాలుగు పైపులు, వేలెడంత ఇత్తడి దిమ్మిస లాంటిది ఒకటి, దూది చుట్టిన సన్నటి తీగల కట్ట, రేకు డబ్బాలో పొగాకు. ఫారిన్ నుంచి వచ్చేవాళ్లు డ్యూటీ లేకుండా తేగలిగేది 125 గ్రాములేనట, అందుకని ఆ డబ్బాని బంగారం చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

సాయంత్రం అయిదున్నరకి డాబా మీద కుర్చీ వేసుకుంటాడు. పొగాకు వేళ్లతో విడదీయడం, కూరడం, పుల్ల గీయడం, ఆరనివ్వడం, నొక్కడం, మళ్లీ వెలిగించడం... అసలు కాల్చడం మొదలెట్టేసరికి పావుగంట. తర్వాత ముప్పావుగంట కాలుస్తాడు. అయ్యాక తీగ దూర్చి తోమి, గుడ్డతో తుడిచి, "దీనికిక రెండు రోజులు రెస్టు" అని పక్కన పెడతాడు. పైపుకి రెస్టేంటో! రోజుకో సిగరెట్ పెట్టె ఊదేసే మనిషి, అవి మానేసి ఏడాదిన్నర అయింది, ఆ మాట ఒప్పుకోవాలి. అడిగితే "ఇది అలవాటు కాదురా, హాబీ" అంటాడు. ఆ ముక్క చెవిన పడితే చాలు, వంటింట్లో మా అక్క గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలెడుతుంది.

నేను పొగ తాగను. నాది ఇంకు పెన్నుల పిచ్చి, కాబట్టి పనికిమాలిన వస్తువు మీద గంటలు ఖర్చు పెట్టడం నాకు అర్థమవుతుంది. కానీ పొగ తాగడానికి ఇంత తతంగమా? మనుషులు దీన్ని ఎందుకు మొదలెడతారు? పొగాకు హానికరం అని ప్రతి సినిమా ముందూ చూస్తూనే ఉన్నాం, ఆ క్లాసు తర్వాత పీకుదురుగాని, ముందు ఇది చెప్పండి.

గంటస్తంభం_టీకొట్టు:

స్టైలు గురూ, ఇంకేటుంది. పాత సినిమాల్లో హీరోయిన్ తండ్రి గుర్తులేడా? పట్టు డ్రెస్సింగ్ గౌను, నోట్లో పైపు, మెట్లు దిగుతూ కింద నిలబడ్డ బీద హీరోని "ఎంత కావాలి నీకు" అని అడగడం. చెక్‌బుక్కు, పైపు ఎప్పుడూ జంటగానే ఉండేవి. మీ బావ ఇంట్లో అలాంటి మెట్లున్నాయా?

కోటజంక్షన్_కుర్రాడు:

ఉన్నాయి, డాబా మీదకి ఇనుప మెట్లు. గౌను బదులు లుంగీ.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):

బాబూ, పదకొండేళ్లు పైపు కాల్చి మానేసినవాణ్ని, నన్నడుగు. బ్యాంకు ఉద్యోగం, 1986లో కలకత్తా వేశారు. అక్కడ మా సెక్షన్‌లో ఒక పెద్దాయన పైపు కాల్చేవాడు, ఆయన్ని చూసి నేనూ కొన్నాను. స్టైలుకే, టీకొట్టు గారి మాట కాదనలేను. కానీ స్టైలుకి మొదలెట్టినవాడు మూడు వారాలు నిలవడు, ఎందుకంటే మొదటి నెల నాలుక కాలుతుంది. సిగరెట్టు లాగినట్టు గబగబా లాగితే పైపుకి పొగాకు కూరే గిన్నె వేడెక్కిపోయి వేడి ఆవిరంతా నాలుక మీద కొడుతుంది, రెండ్రోజులు పులుసన్నం నోట పెట్టలేవు. నెమ్మదిగా లాగావా, ఆరిపోతుంది. నేనైతే ఒక్క పైపుకి పద్దెనిమిది అగ్గిపుల్లలు గీసిన రోజుంది.

ఆ తర్వాత కూడా ఎందుకు పట్టుకున్నానూ అంటే, చేతులకి పని దొరికింది. కూరడంలోనే సగం విద్య. మొదటి విడత పసిపిల్ల చేత్తో నొక్కినట్టు, రెండోది ఆడమనిషి చేత్తో, మూడోది మగవాడి చేత్తో అని పాత కాపులు చెప్పేవారు, అంటే అడుగున వదులు, పైకి వచ్చేకొద్దీ బిగువు. బిగువెక్కువైతే గాలి రాదు, తక్కువైతే భగ్గుమంటుంది. మొదట గీసిన పుల్ల పైపొర మాడ్చడానికే. పొగాకు ఉబ్బి పైకి లేస్తుంది, దాన్ని మీ బావ దగ్గరున్న దిమ్మిసతో మెల్లగా అణిచి రెండోసారి వెలిగిస్తే అప్పుడు నిలుస్తుంది. ఇక అక్కణ్నుంచి ఆరకూడదు, మండకూడదు. మన అమ్మలు కుంపట్లో పిడక నిప్పుని నివురు కింద దాచి సాయంత్రం దాకా ఉంచేవారు చూడు, అదే లెక్క. దాని మీద ధ్యాస ఉన్న గంటసేపు మరో ఆలోచన రాదు. ఇరవై నాలుగు గంటలూ ఇంజిన్ మోతలో ఉండే మనిషికి అది ఎంత సుఖమో నేను ఊహించగలను.

రెస్టు గురించి అడిగావు. అది చాదస్తం కాదు. చెక్క తేమ పీలుస్తుంది, ఆరకుండా మళ్లీ కాలిస్తే చేదెక్కి కంపు కొడుతుంది. అందుకే నాలుగైదు పైపులు ఉంటాయి. కొన్నాళ్లు వాడితే గిన్నె లోపల బొగ్గు పొర కడుతుంది, చెక్క కాలకుండా అదే కాపు. రూపాయి బిళ్ల మందం దాటితే మాత్రం గీకాలి, లేకపోతే గిన్నె పగులుతుంది.

ఇంకో మాట, ఇది ఎవరూ ఒప్పుకోరు. నోట్లో పైపుంటే మనిషి వెంటనే జవాబు చెప్పక్కర్లేదు. లోను ఎందుకివ్వరని ఎదుటివాడు అరుస్తుంటే నేను పుల్ల గీసి, పైపు చుట్టూ తిప్పి, రెండు దమ్ములు లాగి అప్పుడు నోరు తెరిచేవాణ్ని. ఆ అర నిమిషం నన్ను చాలా గొడవల నుంచి కాపాడింది. అప్పట్లో సీట్లోనే కాల్చేవాళ్లం మరి, ఆఫీసుల్లో నిషేధం రూలు 2008 అక్టోబరు 2న కదా వచ్చింది.

శ్రీకాకుళం తిరిగొచ్చిన మొదటి వానాకాలంలోనే దాచుకున్న పొగాకుకి బూజు పట్టింది. ఆవకాయ జాడీ మీద ఈ శ్రద్ధ పెట్టి ఉంటే బాగుండేదని మా ఆవిడ దెప్పింది. ఆ కోపంలో పైపుని వరండా స్తంభానికేసి కొట్టి బూడిద దులపబోతే గొట్టం జాయింటు దగ్గర విరిగింది. అలా కొట్టకూడదు, గీకి తీయాలి, అది తెలిసీ కొట్టాను.

మానడం సంగతి. కింది పెదవి లోపల తెల్లమచ్చ వచ్చింది, పైపు రోజూ ఆనే చోటే. పంటి డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఏమీ లేదనే వచ్చింది. కానీ రిపోర్టు వచ్చేదాకా పది రోజులు నాకు నిద్ర లేదు, ఆ పది రోజుల్లోనే పైపులన్నీ తలో ఒకరికి ఇచ్చేశాను. మచ్చ పోయింది. చేతులు మాత్రం ఇప్పటికీ సాయంత్రం అయితే ఏదో వెతుక్కుంటాయి. గోరుచిక్కుళ్ల ఈనెలు తీస్తుంటాను.

కోటజంక్షన్_కుర్రాడు:

గురువుగారూ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. చిన్న డౌటు. బావ పొగ లోపలికి పీల్చడట, నోట్లో ఉంచుకుని వదిలేస్తాడట. కాబట్టి సిగరెట్టంత ప్రమాదం లేదంటాడు.

దంతవైద్యం_పీజీ:

సగం నిజం. పైపు, చుట్ట పొగలో సిగరెట్టు పొగ కంటే క్షార గుణం ఎక్కువ, దాంతో నికోటిన్ నోటి లోపలి పొర నుంచే రక్తంలోకి వెళ్తుంది. పీల్చక్కర్లేకుండానే అలవాటు పడతారన్నమాట, హాబీ అన్న మాట అక్కడే పట్టు తప్పుతుంది. ఊపిరితిత్తులకి తగ్గొచ్చు గానీ నోటికి, పెదవికి, గొంతుకి ఏమీ తగ్గదు. పైపు వల్ల పెదవి క్యాన్సర్ వస్తుందన్నది అమెరికా సర్జన్ జనరల్ 1964 రిపోర్టులోనే తేల్చారు. పైగా సిగరెట్ల నుంచి పైపుకి మారినవాళ్లు పాత అలవాటు కొద్దీ తెలియకుండానే పీల్చేస్తుంటారు. ఒక సాయంత్రం ఆయన ఛాతీ వైపు చూడు, తెలిసిపోతుంది.

భావనపాడు_పిల్ల:

అందరూ ఇంత మురిపెంగా మాట్లాడుకుంటుంటే నాకు మా మామ్మ గుర్తొచ్చింది. మా మామ్మది అడ్డపొగ. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, చుట్ట వెలిగించి నిప్పున్న కొనని నోట్లో పెట్టుకుని కాల్చడం. మన తీరం ఊళ్లలో ఆడవాళ్లకి ఎక్కువగా ఉండేది. రాత్రి కరెంటు పోయినప్పుడు మామ్మ మాట్లాడటానికి నోరు తెరిస్తే లోపల ఎర్రటి చుక్క కనిపించేది, మేం పిల్లలం దెయ్యం దెయ్యం అని పరిగెత్తేవాళ్లం, ఆవిడ ఇంకా నోరు తెరిచి వెంటపడేది.

"ఎందుకే అలాగ కాలుస్తావు" అని ఒకసారి అడిగాను. చేపలు ఎండేస్తోంది, తల కూడా ఎత్తలేదు. "సముద్రం గాలికి ఆరిపోదు, సంకలో పిల్ల మీద నిప్పు పడదు, ఒక్క చుట్ట పూటంతా వస్తాది" అంది. నాగావళి బాబాయిగారు రాసిన విద్యంతా అందులో ఉంది చూడండి. ఆరకూడదు, మండకూడదు, నెమ్మదిగా కాలాలి. కాకపోతే మా మామ్మకి తోలు సంచీ లేదు, రెండు చేతులూ ఖాళీగా ఉన్న గంట కూడా లేదు, అందుకని దాన్ని ఎవరూ హాబీ అనలేదు.

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, ఈ అడ్డపొగ వల్ల అంగిలి ఏమవుతోందో రాసిన పరిశోధన 1971లో ఒక బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చయింది. నేను నర్సింగ్ చదివేటప్పుడు పుస్తకంలో ఆ అంగిలి బొమ్మ చూశాను. తెల్లగా మందంగా, ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు, మధ్యమధ్య ఎర్ర చుక్కలు. క్లాసులో అందరికీ కొత్త, నాకు కాదు, సెలవులకి వెళ్లినప్పుడల్లా చూసేదే. మామ్మకి ఎంత వేడి టీ అయినా తెలిసేది కాదు. డెబ్భై ఆరో ఏట అంగిట్లో పుండు పడింది, మానలేదు. మిగతాది రాయను.

తమ్ముడూ, మీ బావగారి మీద నాకేం కోపం లేదు. నోరు ఒకసారి ఎవరికైనా చూపించమను.

బొబ్బిలి_పనసచెక్క:

ఆ అమ్మాయి రాసింది చదివాక చెక్క గురించి రాయాలంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది, అయినా ప్రశ్న అడిగింది హాబీ గురించి కాబట్టి రాస్తున్నాను. నా దగ్గర తొమ్మిది పైపులున్నాయి, ఒక్కటీ వెలిగించలేదు. పాతవి కొని బాగుచేయడమే నా సరదా. ఇలాంటివాళ్లం కూడా ఉన్నాం.

మంచి పైపులు బ్రయర్ చెక్కవి. మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొదకి కాండం, వేరు కలిసే చోట గడ్డ కడుతుంది. దాన్ని కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టి అప్పుడు చెక్కుతారు. నిప్పుకి ఓర్చుకునే చెక్క అది. నేను తెలివి ఉపయోగించి, మన గొల్లపల్లిలో వీణలు పనసతోనే కదా తొలుస్తారు, పైపు ఎందుకు కాకూడదని ఒకటి చేశాను. రంధ్రం సరిగ్గా గిన్నె అడుక్కి వచ్చి కలవాలి, వెంట్రుకవాసి పైకి లేచినా అడుగున పొగాకు తడిగా మిగిలిపోతుంది, అది కుదిరేదాకా మూడు దిమ్మలు పాడుచేశాను. నాలుగోది కుదిరింది, ఫ్రెండుకిచ్చాను. రెండోసారి కాల్చేటప్పటికి గిన్నె పక్కన బెజ్జం పడింది, వాడి చొక్కాకి కూడా. పనస పాడటానికే పుట్టింది, కాలడానికి కాదు.

టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర దొరికే తెల్లటి మెత్తరాయితో చేసినవి కూడా ఉంటాయి, కాల్చేకొద్దీ తేనెరంగుకి తిరుగుతాయి, రంగు కోసమే కాల్చేవాళ్లున్నారు. అమెరికాలో మిస్సోరిలో ఒక కంపెనీ 1869 నుంచి మొక్కజొన్న కండెలతో చేస్తోంది. మనం పొయ్యిలో పెట్టేస్తాం.

కోటజంక్షన్_కుర్రాడు:

అప్‌డేట్. బావ ఈ పోస్టులన్నీ చదివాడు. టీకొట్టు గారి దగ్గర నవ్వాడు, భావనపాడు అక్క దగ్గర ఫోను పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత నా చేతికి టార్చి ఇచ్చి పెదవి తిప్పి చూడమన్నాడు. నాకేం కనిపించలేదు, కనిపించినా నాకేం తెలుస్తుంది. సోమవారం అక్క పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది. మానేస్తావా అంటే "డబ్బాలో సగం ఉంది" అన్నాడు, అది జవాబో కాదో నాకు తెలియలేదు. పుల్ల గీసి చుట్టూ తిప్పుతూ అన్నాడు మరి.

పనసచెక్క గారూ, ఒక పాత పైపు నాకిచ్చేశాడు. గిన్నె బాగానే ఉంది, నోట్లో పెట్టుకునే నల్ల గొట్టం మాత్రం పాచి పట్టినట్టు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులోకి తిరిగింది. ఏం చేయాలి?

బొబ్బిలి_పనసచెక్క:

నీకు తెలిసిన సరుకే అది. ఎబొనైట్, గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. రాజమండ్రి రత్నం పెన్నులు చేసేదీ దానితోనే. వెలుతురు తగిలి తగిలి అలా అయింది. గిన్నె నుంచి మెల్లగా తిప్పుతూ ఊడదీయి, నీళ్లలో తడిపి 600 నంబరు వాటర్ పేపర్‌తో మొదలెట్టి 1000, తర్వాత 2000. చివర నీ పెన్నుకి వాడే పాలిషే. మరిగే నీళ్లలో వేయకు, వంపు సాగిపోతుంది. తోమే ముందు పొరపాటున కూడా నోట్లో పెట్టుకోకు.

కోటజంక్షన్_కుర్రాడు:

పెట్టేశాను. అగ్గిపెట్టె పక్క నాకినట్టుంది.