హైడ్రేంజియాకి ఆకులే తప్ప పువ్వు లేదు, ఇది మూడో ఏడు

మేముండేది న్యూజెర్సీలో. తూర్పు గోడ పక్కన నేలలో పెట్టిన మాక్రోఫిల్లా (పెద్దాకుల హైడ్రేంజియా) రకం, కొన్న ఏడాది నీలం పూలు బంతుల్లా విరగబూసింది, ఆ తర్వాత ఒక్క పువ్వు లేదు. ఆకులు మాత్రం అరచేతంత, గోంగూర మడిలా గుబురుగా ఉన్నాయి. మొదటి ఏడు అక్టోబరులో కత్తిరించాను, పాత కొమ్మలకే పూస్తుందని తెలిశాక మళ్లీ కత్తెర ముట్టలేదు. లాన్‌కి వేసే నత్రజని ఎరువు కూడా అటు పడకుండా చూస్తున్నా. పోయిన చలికాలం గోనెపట్టా చుట్టి, లోపల ఎండాకులు కూరి, మార్చి ఆఖరున విప్పాను. కొమ్మల చివర పచ్చటి మొగ్గలు చూసి మురిసిపోయానో లేదో, ఏప్రిల్ మూడో వారం మంచుకి అవన్నీ నల్లబడ్డాయి, గోటితో గీకితే లోపలంతా గోధుమరంగే. ఇప్పుడు చిగుళ్లన్నీ మొదలు దగ్గర్నుంచే వస్తున్నాయి. ఇలాంటి చలిలో పెంచి పూలు చూసినవాళ్లు చెప్పండి, మీరు ఆ పట్టా ఎప్పటిదాకా ఉంచుతున్నారు?