పెద్ద ఫైళ్లు పంపడానికి ఎంమ్యాపా, ముక్కలుగా చదవడమా?

ఓపెన్‌ఫైల్:
లినక్స్ మీద సీలో రాసిన డౌన్‌లోడ్ సర్వర్. ఫైళ్లు ఒక్కోటి 2 నుంచి 8 జీబీ, అన్నీ కలిపితే 80 జీబీ. ర్యామ్ 32 జీబీ. నాలుగు వర్కర్ థ్రెడ్లు, ఒక్కోదానికి ఒక ఎపోల్ లూప్ (ఒకే థ్రెడ్ చాలా కనెక్షన్లని వంతులవారీగా చూసుకునే లూప్). టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీతో ఇందులోనే. ప్రస్తుతం ఫైల్ మొత్తం ఎంమ్యాప్ చేసి (మెమరీలో ఉన్నట్టే అడ్రస్‌తో చదివేలా పెట్టి) పంపుతున్నాం. టీమ్‌లో సగం మంది 64 కేబీ ముక్కలుగా పీరీడ్ (ఫైల్‌లో ఫలానా ఆఫ్‌సెట్ నుంచి బఫర్‌లోకి చదివే కాల్) చెయ్యమంటున్నారు. ఏది మేలు?

పేజ్‌వాకర్:
ఎంమ్యాపే ఉంచండి. పీరీడ్ చేస్తే పేజ్ కాష్ (డిస్క్ డేటాని కెర్నల్ ర్యామ్‌లో ఉంచుకునే చోటు) నుంచి మీ బఫర్‌లోకి ఒక కాపీ తప్పదు. మ్యాప్ చేస్తే ఎన్‌క్రిప్షన్ నేరుగా పేజ్ కాష్ నుంచే చదువుకుంటుంది. మెమరీ లెక్క కూడా వేసుకోండి: కనెక్షన్‌కి 64 కేబీ చొప్పున 10,000 కనెక్షన్లకి 640 ఎంబీ బఫర్లకే పోతుంది.

కోర్‌డంప్:
ఎప్పుడూ ఆ కాపీ గురించే గొడవ. ఇక్కడ దెబ్బ తగిలేది వేరేచోట. 80 జీబీ ఫైళ్లు 32 జీబీ ర్యామ్‌లో పట్టవు కాబట్టి అడిగిన పేజీ తరచూ డిస్క్ మీదే ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్‌ఎస్‌ఎల్ రైట్ ఆ అడ్రస్‌ని ముట్టుకోగానే మేజర్ ఫాల్ట్ (పేజీని డిస్క్ నుంచి తేవాల్సి రావడం), పేజీ వచ్చేదాకా థ్రెడ్ నిద్రపోతుంది. దాంతోపాటు ఆ లూప్‌లో ఉన్న కనెక్షన్లన్నీ ఆగుతాయి. సాకెట్ నాన్‌బ్లాకింగ్ అయినా లాభం లేదు, ఆగింది సాకెట్ దగ్గర కాదు. పెర్ఫ్ స్టాట్ టూల్‌లో మేజర్ ఫాల్ట్స్ చూడండి, తెలిసిపోతుంది.

ఇక సిగ్‌బస్, అంటే మ్యాప్ వెనక ఫైల్ లేని చోటు చదివితే కెర్నల్ పంపే సిగ్నల్. డౌన్‌లోడ్ నడుస్తుండగా ఎవరైనా అదే పేరు మీదికి సీపీ (కాపీ కమాండ్) కొడితే ఫైల్ సైజు ముందు సున్నా అవుతుంది. అప్పుడు మ్యాప్‌లో చదివితే ప్రాసెస్ మొత్తం పోతుంది. పీరీడ్ అయితే సున్నా బైట్లు వచ్చాయని చెప్తుంది, ఆ ఒక్క కనెక్షన్ మూసేస్తే సరి.

పేజ్‌వాకర్:
పీరీడ్ మాత్రం డిస్క్ కోసం ఆగదా? పైగా మ్యాప్ అడ్రస్‌ని నేరుగా రైట్ కాల్‌కి ఇస్తే వచ్చేది ఈఫాల్ట్ (చెల్లని అడ్రస్) ఎర్రర్, సిగ్‌బస్ కాదు. కొత్త ఫైల్‌ని పక్కన రాసి రీనేమ్ చేస్తే పాత ఐనోడ్ (డిస్క్ మీది అసలు ఫైల్) చెక్కుచెదరదు. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ డిఫాల్ట్‌గా చేసేది అదే.

కోర్‌డంప్:
ఈఫాల్ట్ మాట నిజమే, కానీ అది టీఎల్‌ఎస్ లేనప్పుడు. ఇక్కడ ఆ అడ్రస్‌ని చదివేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, యూజర్ మోడ్‌లో. సిగ్‌బస్సే వస్తుంది. ఆర్‌సింక్‌కి ఇన్‌ప్లేస్ (పాత ఫైల్ మీదే రాసే) ఆప్షన్ ఇచ్చారంటే రీనేమ్ రక్షణ కూడా పోయినట్టే. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) మీద ఫైళ్లుంటే ఎనేబుల్‌ఎంమ్యాప్ సెట్టింగ్ ఆఫ్ చెయ్యమని అపాచీ వెబ్ సర్వర్ డాక్యుమెంటేషన్ ఊరికే చెప్పలేదు.

పీరీడ్ ఆగుతుంది, ఒప్పుకుంటా. కానీ ఎక్కడ ఆగుతుందో మీకు ముందే తెలుసు. పీరీడ్ లాంటిదే అయిన పీరీడ్‌వీ2కి నోవెయిట్ (ఆగొద్దు) ఫ్లాగ్ ఇవ్వండి. కెర్నల్ 4.14 నుంచి మామూలు బఫర్డ్ రీడ్‌కీ పనిచేస్తుంది. డేటా కాష్‌లో లేకపోతే వెంటనే ఈఎగైన్ (తర్వాత మళ్లీ అడగండి) ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఆ ఆఫ్‌సెట్‌ని థ్రెడ్ పూల్‌కి (ఆగినా ఫర్వాలేని విడి థ్రెడ్లకి) ఇచ్చి చదివించి, మళ్లీ లూప్‌లోకి రండి. ఎంమ్యాప్‌లో ఫాల్ట్‌కి ముందు ఇలా అడిగి తెలుసుకునే దారి నమ్మకంగా లేదు. పేజీ ర్యామ్‌లో ఉందో లేదో చెప్పే మిన్‌కోర్ అవునన్నా, మీరు ముట్టుకునేలోపు పేజీ పోవచ్చు.

బఫర్64:
640 ఎంబీ లెక్క తప్పు. బఫర్ కనెక్షన్‌కి ఒకటి అక్కర్లేదు, వర్కర్‌కి ఒకటి చాలు. సాకెట్ రాయడానికి సిద్ధం అన్నప్పుడే చదవండి. ఎస్‌ఎస్‌ఎల్ రైట్ ఎన్ని బైట్లు తీసుకుందో అంతే ఆఫ్‌సెట్ జరపండి, మిగిలింది వదిలేసి తర్వాత మళ్లీ చదవండి. పేజ్ కాష్‌లోంచే కాబట్టి ఖర్చు స్వల్పం.

ఒక్క మెలిక ఉంది. ఎస్‌ఎస్‌ఎల్ రైట్ నుంచి వాంట్ రైట్ (సాకెట్ ఇంకా తీసుకోలేదు) అని వచ్చాక అదే ఆఫ్‌సెట్ నుంచి అదే పొడవుతో మళ్లీ పిలవాలి. ఈలోగా బఫర్‌ని వేరే కనెక్షన్ వాడేసి ఉంటుంది కాబట్టి తిరిగి నింపుకోవాలి. ముందే యాక్సెప్ట్ మూవింగ్ రైట్ బఫర్, ఎనేబుల్ పార్షియల్ రైట్ మోడ్‌లు రెండూ పెట్టండి. మొదటిది లేకుండా బఫర్ అడ్రస్ మారితే ‘బ్యాడ్ రైట్ రీట్రై’ అని కనెక్షన్ తెగుతుంది. టీఎల్‌ఎస్ రికార్డ్ (ఒక్కసారి ఎన్‌క్రిప్ట్ చేసే ముక్క) గరిష్ఠంగా 16 కేబీ, కాబట్టి 64 కేబీ అంటే సరిగ్గా నాలుగు రికార్డులు.

పేజ్‌వాకర్:
వర్కర్ బఫర్ పద్ధతి బాగుంది, మెమరీ విషయంలో నా అభ్యంతరం లేదు. కానీ ర్యామ్‌లో పట్టే ఇండెక్స్ ఫైల్‌లో అక్కడక్కడా 100 బైట్లు చదివే పనికి ఎంమ్యాప్ వదలను. అక్కడ ప్రతి చిన్న రీడ్‌కీ సిస్టమ్ కాల్ దండగ.

కోర్‌డంప్:
అక్కడ నేనూ ఎంమ్యాపే వాడతాను. ఓపెన్‌ఫైల్ గారూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0, కెర్నల్ టీఎల్‌ఎస్ (కెర్నలే ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) రెండూ ఉంటే ఎస్‌ఎస్‌ఎల్ సెండ్‌ఫైల్ కూడా కొలిచి చూడండి. యూజర్ బఫరే అక్కర్లేదు. కాష్‌లో లేని పేజీకి అదీ ఆగుతుంది, కాబట్టి దాన్ని పిలిచేముందు పూల్‌తో చదివించే పని మాత్రం అలాగే ఉంచండి.