ఎన్‌ఐఎన్‌ను ఫ్లోరోసిస్ సర్వే కాగితాలు అడిగేటప్పుడు ఊరి పేర్లు అడగాల్నా, వద్దా?

దిండివాగు: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు (ఎన్‌ఐఎన్) సమాచార హక్కు చట్టం కింద రాసిన దరఖాస్తు ఇది: "నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ ఎందుకు తగ్గలేదో తెలుపగలరు. సర్వేల తుది నివేదికలు, ఊరి వారీ పట్టికలు ఇవ్వగలరు." పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించిన. తప్పులుంటే చెప్పుండ్రి.

లెక్కలపంతులు: మొదటి తప్పు స్టాంపే. ఎన్‌ఐఎన్ ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కింద ఉంటది, అంటే కేంద్రం. 2012 కేంద్ర నియమాలల్ల కోర్టు ఫీజు స్టాంపు ఊసే లేదు. నగదు కట్టి రశీదు పెట్టాలె, లేకుంటే డీడీ, పోస్టల్ ఆర్డర్. పోస్టల్ ఆర్డర్ అకౌంట్స్ ఆఫీసర్ పేరు మీద తియ్యాలె, పౌర సమాచార అధికారి పేరు మీద కాదు. ఆన్‌లైన్ల వేస్తే ఈ తిప్పలే లేదు.

పానగల్ చెరువు: కలెక్టరేట్ల స్టాంపు చెల్లుతది గదా. ఒకటే చట్టం, 2005ది.

లెక్కలపంతులు: చట్టం ఒకటే. ఫీజు నియమాలు రాష్ట్రానివి వేరు, కేంద్రానివి వేరు.

పానగల్ చెరువు: ఆఫీసుకో తీరు ఫీజు పెడితే జనం అడుగుడు మానేస్తరు. గదే వాళ్ళకు కావాల్సింది.

పాలమూరు లారీ: పది రూపాయల కాడనే పొద్దు గూకేటట్టున్నది 😀

లెక్కలపంతులు: రెండోది "ఎందుకు తగ్గలేదు". కారణాలు విడమర్చి రాసిచ్చే బాధ్యత అధికారికి లేదు, చేతిల ఉన్న కాగితమే ఇయ్యాలె. సుప్రీంకోర్టు 2011ల సీబీఎస్‌ఈ కేసుల తేల్చింది. గా వాక్యం కొట్టేసి ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ నివేదిక, ఏ పట్టిక అని రాయుండ్రి. దరఖాస్తు 500 పదాలు దాటొద్దు. నకలు పేజీకి 2 రూపాయలు. ఫైలు ఎంత లావున్నదో తెల్వకుంటే ముందు తనిఖీ అడుగుండ్రి: మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు. బోర్ల నీళ్ళ లెక్కలు మాత్రం గ్రామీణ నీటి సరఫరా విభాగాన్ని అడగాలె. ఎన్‌ఐఎన్‌కు రాస్తే రాష్ట్రాన్నే అడుగుమని జవాబిస్తరు.

దేవరకొండ దారి: అసలుది వదిలేసిండ్రు. ఊరి వారీ పట్టిక అడగకుండ్రి. మండలం వారీగా చాలు.

దిండివాగు: మండలం సగటుల మా తండా మునిగిపోతది అన్నా. లీటరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఒక బోరుల 1, పక్క బోరుల 4 మిల్లీగ్రాములు ఉండే నేల ఇది. సగటు చూపి అంతా బాగుందంటరు.

దేవరకొండ దారి: 8(1)(జె) చదివినవా? వ్యక్తిగత సమాచారం ఇయ్యరు.

లెక్కలపంతులు: ఊరు వ్యక్తి కాదు సార్. పేర్లు, ఇంటి నంబర్లు ఉంటే సెక్షన్ 10 కింద అవి కొట్టేసి మిగిలింది ఇయ్యాలె. 2023 డేటా రక్షణ చట్టం 8(1)(జె)ని బిగించింది నిజమే, 8(2)ల ప్రజాప్రయోజనం ఎక్కువుంటే ఇయ్యొచ్చన్న మాట మాత్రం అట్లనే ఉన్నది.

దేవరకొండ దారి: సెక్షన్లు నాకూ వస్తయి పంతులూ! ఆ పట్టిక వాట్సాప్‌ల పడితే ఆ ఊరి పిల్లను ఎవడు చేసుకుంటడు? భూమి ఎవడు కొంటడు? సంబంధాలు చెడేది మీ ఇంట్ల కాదు గదా.

దిండివాగు: 1973ల లాన్సెట్ల నల్లగొండ దిక్కు పిల్లల వంకర కాళ్ళ గురించి అచ్చయింది. యాభై ఏండ్ల సంది జిల్లా పేరు మోస్తనే ఉన్నది. ఇంకా ఏం దాస్తం? ఊరి పేరు లేని కాగితం పట్టుకపోతే ఫిల్టరుకు, పింఛన్‌కు ఎవరూ కదలరు.

దేవరకొండ దారి: నీకు ఫిల్టరు కావాలె, నాకు ఊరి పరువు కావాలె. తేడా గదే.

లెక్కలపంతులు: ఇద్దరికీ ఒక మాట. ఇరవై ఇండ్ల తండాల "14 ఏండ్ల ఆడపిల్ల, డీన్ సూచిక (పండ్ల మీద ఫ్లోరోసిస్ కొలత) తీవ్రం" అని ఉంటే పేరు లేకున్నా ఎవరో తెలుస్తది. కేసులు ఐదుకు తక్కువున్న ఆవాసాలను పంచాయతీల కలిపి ఇయ్యమని అడుగుండ్రి. ఆ లెక్కన పట్టిక తయారు లేదంటే, సెక్షన్ 10 కింద వయసు గడి కొట్టేసి ఇయ్యమనుండ్రి.

దేవరకొండ దారి: పంచాయతీ పేరు పడ్డా అంతే. నేను ఒప్పుకోను.

దిండివాగు: గట్లనే మార్చి ఆన్‌లైన్ల వేసిన, రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. 30 రోజులల్ల ఏం రాకుంటే మొదటి అప్పీలు, దానికి ఇంకో 30 రోజులు.

పానగల్ చెరువు: మరి ఆ స్టాంపు?

లెక్కలపంతులు: నీళ్ళ లెక్కల దరఖాస్తుకు అంటించుండ్రి. అది రాష్ట్రానిదే.