క్షారమృత్తిక: ఇందులో మట్టెక్కడుంది?

చీపురుపల్లి దగ్గర మా బడిలో మొన్న క్షారమృత్తిక లోహాల (మెగ్నీషియం, కాల్షియం, బేరియం లాంటివి) పాఠంలో పదో తరగతి పిల్లాడొకడు లేచి, ‘మృత్తికంటే మట్టే కదా మేష్టారూ, మరి మట్టి లోహాలేటి?’ అనడిగాడు. ఇంతలో గంట కొట్టేశారు. పిల్లాడికి చెప్పాల్సిన జవాబు ముందు ఇక్కడ పెడుతున్నాను, తప్పుంటే దిద్దండి.

ఈ మృత్తిక పొలంలో మట్టి కాదు. నిప్పులో ఎంత కాల్చినా కరగని, నీళ్లలో అంతగా కలవని పొడులను పాతకాలపు రసాయనవేత్తలు మట్టి కిందే జమకట్టారు. 1789లో ఫ్రెంచి రసాయనవేత్త లావోయిజియే వేసిన మూలకాల పట్టికలో సున్నం, మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్), బెరైటా (బేరియం ఆక్సైడ్) కూడా ఉన్నాయి. వాటిలో లోహం దాగుందని 1808లో ఇంగ్లండు రసాయనవేత్త హంఫ్రీ డేవీ కరెంటుతో విడదీసి చూపించాడు. పేరులో మట్టి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక క్షారం, అంటే నీళ్లలో కరిగి ఆమ్లాన్ని విరిచే పదార్థం. దిష్టి తీయడానికి పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి కదా, ఆ ఎరుపు క్షారం పనే.

నాకీ సమాసం ఎందుకిష్టమంటే, ఆవర్తన పట్టికలో ఈ లోహాలుండే నిలువు వరస, అంటే ఆ గ్రూపు నడకంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. పైనుంచి కిందికి దిగేకొద్దీ మట్టితనం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ దాదాపు కరగదు. అందుకే అది కలిసిన మందు, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, సీసా కుదిపి తాగాలి. సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) లీటరు నీటిలో గ్రామున్నర పైచిలుకు కరిగి తేటనిస్తుంది, మిగతాది అడుక్కి చేరుతుంది. బేరియం హైడ్రాక్సైడ్ ఇంకా బాగా కరుగుతుంది. లోహాల జోరూ అంతే: చన్నీళ్లలో మెగ్నీషియం ఉలకదు పలకదు, కాల్షియం బుడగలు కడుతుంది, బేరియం దాన్ని మించిపోతుంది.

కింద కామెంట్లలో ఒకరు సున్నకీ సున్నానికీ చుట్టరికం ఉందా అన్నారు. లేదండి. సున్న శూన్యం నుంచి, సున్నం చూర్ణం నుంచి వచ్చాయి. ‘ఎముకలు సున్నం చేస్తాను’ అన్నప్పుడు ఆ పాత ‘పొడి’ అర్థమే పలుకుతోందని నా అభిప్రాయం. సంక్రాంతి ముందు గోడలకు వేయడానికి మా అమ్మ కాల్చిన గుల్ల మీద నీళ్లు పోసేది. బుస్సుమని ఆవిరి లేచి, చూస్తుండగానే గుల్లలు విచ్చుకుని మెత్తని పిండయ్యేవి. అది చూసినవాళ్లకు చూర్ణమన్న పేరెందుకో వేరే చెప్పక్కర్లేదు.

గాలి తగిలి సత్తువ పోయి, నీళ్లు పోసినా వేడెక్కని సున్నానికి టెక్కలి, సోంపేట వైపు ప్రత్యేకంగా మాటేదైనా ఉందాండీ?